నెట్ ఎక్కడ ఆగింది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే మెషీనులో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసరు మరీ పాతది కాకూడదు. పదేళ్ల కిందట కొన్న కంప్యూటరు ఇంకా చక్కగా పనిచేస్తున్నా ఆ గీత దాటలేదు. విజయవాడ ఏలూరు రోడ్డులో డీటీపీ చేసుకునేవారికైనా, గుడివాడలో ట్యూషన్లు చెప్పే మాస్టారికైనా, మచిలీపట్నంలో ఆడిటరు దగ్గర పనిచేసే గుమాస్తాకైనా మిగిలిన దారులు మూడే. కొత్త మెషీను కొనాలి, లేదా కొన్నాళ్లపాటు అదనపు భద్రతా అప్‌డేట్లతో పాత విండోస్‌నే లాక్కురావాలి, లేదా లినక్స్ వేసుకోవాలి.

మూడో దారికి లైసెన్సు ఖర్చు లేదు. ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ ఉచితంగా దొరుకుతాయి. తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు వాటిలో ఉన్నాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారుచేసి పంచింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో తెచ్చిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. కాస్త అలవాటు పడితే పక్కన పడేయాల్సిన కంప్యూటరు ఇంకొన్నేళ్లు అన్నం పెడుతుంది.

అలవాటు పడేలోపే ఒక చిక్కు ఎదురవుతుంది. ఆన్ చేసిన కంప్యూటరు నెట్ దగ్గర ఆగిపోతుంది. కొన్నిసార్లు నల్లటి తెర మీద ఒక వాక్యం నిలబడి, నెట్‌వర్క్ కోసం ఎదురు చూస్తున్నానంటూ రెండు నిమిషాలు లెక్కపెడుతుంది. కొన్నిసార్లు డెస్క్‌టాప్ వెంటనే వచ్చేస్తుంది గానీ కింద నెట్ గుర్తు మీద అడ్డుగీత కనిపిస్తుంది. అన్నిటికంటే తికమక పెట్టేది మూడో రకం: కనెక్ట్ అయిందని చూపిస్తుంది, ఒక్క సైటు కూడా తెరుచుకోదు.

అప్పుడు ఎవరికైనా ముందు తోచేది రీస్టార్టే. రాకపోతే మళ్లీ రీస్టార్టు. మూడోసారికి ఓపిక పోయి, మొత్తం తుడిచేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేయిస్తారు, లేదా లినక్స్ మనకు పడదని తీర్మానించేస్తారు. రెండిట్లోనూ అసలు కారణం ఏమిటో తెలియదు కాబట్టి అదే చిక్కు మళ్లీ వచ్చినా మళ్లీ అదే తంతు.

ఈ అధ్యాయం చెప్పదలచుకున్నది ఒక్కటే. నెట్ సర్వీసు మొదలవడం వేరు, నెట్ అందడం వేరు. ఆ రెండిటి నడుమ కొన్ని మెట్లున్నాయి. ఏ మెట్టు దగ్గర ఆగిందో లినక్స్ ఎప్పటికప్పుడు రాసి పెడుతుంది. ఆ రాత చదవడం వస్తే రీఇన్‌స్టాల్ అవసరం చాలా అరుదుగా పడుతుంది.

మొదలైందా, అందిందా?

పాత లినక్స్‌లో స్టార్టప్ వరసగా నడిచేది. ఒక స్క్రిప్టు పూర్తయ్యాకే ఇంకోటి మొదలయ్యేది. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ కలిసి సిస్టమ్‌డి తెచ్చారు. 2011 మేలో ఫెడోరా 15, 2015 ఏప్రిల్‌లో డెబియన్ 8, ఉబుంటు 15.04 దాన్నే ప్రధాన స్టార్టప్ పద్ధతిగా తీసుకున్నాయి. సిస్టమ్‌డి పదుల సర్వీసులను ఒకేసారి లేపుతుంది. దాంతో వేగం పెరిగింది. ఎవరు ఎవరికోసం ఆగాలన్న ప్రశ్న కూడా అక్కడే పుట్టింది.

ఆ ప్రశ్నకు జవాబుగా సిస్టమ్‌డి రెండు మజిలీలు పెట్టుకుంది. మొదటిది నెట్‌వర్క్ డాట్ టార్గెట్. నెట్‌ను చూసుకునే ప్రోగ్రాము లేచిందన్నంత వరకే దాని అర్థం. రెండోది నెట్‌వర్క్ హైఫన్ ఆన్‌లైన్ డాట్ టార్గెట్. కనెక్షను నిజంగా కుదిరిందని అది చెబుతుంది. డెస్క్‌టాప్ లినక్స్‌లో చాలావాటికి నెట్‌ను చూసుకునేది నెట్‌వర్క్‌మేనేజర్. రెడ్ హ్యాట్ 2004లో మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. దాని స్థితి అడిగితే "యాక్టివ్, రన్నింగ్" అని పచ్చటి అక్షరాలతో చెబుతుంది. వెనకాల కేబుల్ ఊడిపోయి ఉన్నా ఆ పచ్చదనం తగ్గదు, ఎందుకంటే ప్రోగ్రాము నడుస్తున్న మాట నిజమే.

కృష్ణా డెల్టాలో ఈ తేడా రైతులందరికీ తెలుసు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్లు వదిలారని పేపర్లో వస్తుంది. ఆ వార్త చదివి నాగాయలంక శివారు రైతు అదే సాయంత్రం నారుమడి తడపలేడు. ప్రధాన కాలువ, బ్రాంచి కాలువ, పంట కాలువ, తూము, చివరికి బోదె దాటితేగాని చేలోకి నీరు రాదు. నీరు రానప్పుడు కాలువ చూసుకునే లస్కరు బ్యారేజీని తప్పుబట్టడు. గట్టు వెంట నడుస్తూ ఎక్కడిదాకా నీరుంది, ఎక్కడినుంచి లేదు అని చూస్తాడు. ఉన్నచోటుకీ లేనిచోటుకీ మధ్యే అడ్డు ఉంటుంది. నెట్ వెతుకులాటకు కూడా అంతకంటే మంచి పద్ధతి లేదు.

ఫోనులో చెప్పగలిగే కమాండ్లు

నెట్ లేని కంప్యూటరుకు సాయం సాధారణంగా ఫోనులోనే అందుతుంది. అవతలి మనిషి పలుకుతుంటే ఇవతలివారు టైపు చేయాలి. అందుకే ఇక్కడ కమాండ్లన్నీ పలికే తీరులోనే ఉన్నాయి. టెర్మినల్ తెరిచి టైపు చేసేటప్పుడు అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలు. నెట్‌వర్క్‌మేనేజర్ అనే పేరులో మాత్రం ఎన్, ఎమ్ పెద్దవి. ఆ పేరులో ఖాళీ ఉండదు. హైఫన్ అన్నచోట అడ్డుగీత పెట్టాలి.

నాలుగు కమాండ్లు కంఠతా వస్తే చాలు.

మొదటిది "సిస్టమ్‌సీటీఎల్", ఖాళీ, రెండు హైఫన్లు, వెంటనే "ఫెయిల్డ్". స్టార్టప్‌లో విఫలమైన సర్వీసుల జాబితా వస్తుంది. జాబితా ఖాళీగా ఉంటే సర్వీసులన్నీ లేచాయనీ, చిక్కు ఆ తరవాతి మెట్లలో ఉందనీ అర్థం.

రెండోది "ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ డివైస్". ప్రతి నెట్‌వర్క్ కార్డు పక్కనా దాని స్థితి ఒక్క మాటలో వస్తుంది.

మూడోది "సిస్టమ్‌డి హైఫన్ ఎనలైజ్", ఖాళీ, "బ్లేమ్". ఏ సర్వీసు ఎన్ని సెకన్లు తీసుకుందో పెద్దదాని నుంచి చిన్నదాకా వరసగా చూపిస్తుంది. ఎక్కువ సెకన్లు తీసుకున్నదల్లా నేరస్థురాలు కాదు, కొన్ని వెనకాల తమ పని తాము చేసుకుంటూ ఎవరికీ అడ్డు రావు. నిజంగా అడ్డుపడింది ఎవరో తేలాలంటే "బ్లేమ్" బదులు "క్రిటికల్ హైఫన్ చెయిన్" అని అడగాలి.

నాలుగోది "జర్నల్‌సీటీఎల్", ఖాళీ, "హైఫన్ బి", ఖాళీ, "హైఫన్ యు", ఖాళీ, "నెట్‌వర్క్‌మేనేజర్". ఈసారి స్టార్టయిన దగ్గరినుంచి నెట్‌వర్క్‌మేనేజర్ రాసుకున్న దినచర్య మొత్తం కనిపిస్తుంది. కార్డు ఎప్పుడు దొరికింది, అడ్రసు ఎప్పుడు అడిగింది, జవాబు వచ్చిందా లేదా అన్నీ టైముతో సహా ఉంటాయి. ఈ నాలుగూ చూడడానికే తప్ప దేన్నీ మార్చవు. కొత్తవారు కూడా భయం లేకుండా వాడవచ్చు.

ముందు గోడ మీది బాక్సు

కంప్యూటరులోకి దిగేముందు గది అంతా ఒకసారి చూడాలి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ ఇంటర్నెట్‌ను, టీవీని, ఫోనును ఒకే తీగ మీద ఇళ్లకు తెచ్చింది. ఆ ఫైబరు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే సాగుతుంది. ఇంటి గుమ్మందాకా తెచ్చే బాధ్యత ఊళ్లోని కేబుల్ ఆపరేటరుది. ప్రైవేటు కంపెనీల కనెక్షన్లయినా ఇంట్లో కనిపించే సామాను ఇంచుమించు ఇదే: గోడకు ఒక ఫైబరు బాక్సు, దానికో ఎడాప్టరు, నాలుగైదు లైట్లు.

ఎల్‌ఓఎస్ అని రాసిన ఎర్ర లైటు వెలుగుతుంటే బాక్సుదాకా కాంతి రావడం లేదు. బయట ఎక్కడో తీగ తెగింది, వంగింది, లేదా జాయింటు ఊడింది. కంప్యూటరులో ఏం చేసినా లాభం లేదు, ఆపరేటరుకు ఫోను చేయాలి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపాను రోజుల్లో స్తంభాలు ఒరిగితే కరెంటుతోపాటు ఫైబరూ పోతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఇంకో సంగతి గమనించాలి. ఫైబరు బాక్సు లేచి, పై కేంద్రంతో మాట కలుపుకుని, అడ్రసులు పంచే స్థితికి రావడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఎస్‌ఎస్‌డీ ఉన్న లినక్స్ కంప్యూటరు అరనిమిషంలోపే లేచి కూచుంటుంది. లేచీ లేవగానే అడ్రసు అడుగుతుంది, జవాబు చెప్పేవారు ఉండరు. నెట్‌వర్క్‌మేనేజర్ మామూలుగా ఒక్కో ప్రయత్నానికి 45 సెకన్లు ఆగుతుంది, నాలుగుసార్లు ప్రయత్నించి కాసేపు ఊరుకుంటుంది. వాడేవారికి మాత్రం "పొద్దున బాగానే ఉంది, కరెంటు వచ్చాక పాడైంది" అనిపిస్తుంది. ఇక్కడ పాడైంది ఏదీ లేదు. బాక్సు లైట్లు నిలకడగా వెలిగాక నెట్ గుర్తు మీద నొక్కి ఒకసారి ఆపి మళ్లీ కలిపితే సరిపోతుంది. బాక్సును చిన్న యూపీఎస్ మీదో ఇన్వర్టరు లైను మీదో పెడితే అసలు ఈ పరిస్థితే రాదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి వరదలో తడిసిన కంప్యూటరును పూర్తిగా ఆరి, తెలిసినవారు చూసేదాకా కరెంటుకు కలపకూడదు. బోర్డు బతికి, లాన్ పోర్టు మాత్రం తుప్పు పట్టిన మెషీనుకు తక్కువ ధరలో దొరికే యూఎస్‌బీ లాన్ ఎడాప్టరు చాలు. దానికీ బోర్డు మార్చడానికీ మధ్య ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

ఆరు మెట్లు

బాక్సు బాగానే ఉందని తేలాక కంప్యూటరులో కిందినుంచి పైకి ఆరు మెట్లు ఎక్కాలి. ఒక మెట్టు గట్టిదని తేలాకే రెండోదాని మీద కాలు పెట్టాలి.

మొదటి మెట్టు కార్డు. "ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ డివైస్" జాబితాలో వైఫై కార్డు అసలు కనిపించకపోతే దానికి డ్రైవరు గానీ ఫర్మ్‌వేరు గానీ లేదు. "ఎల్‌ఎస్‌పీసీఐ హైఫన్ కె" అని అడిగితే ఏ కార్డుకు ఏ డ్రైవరు పనిచేస్తోందో చెబుతుంది. బ్రాడ్‌కామ్ చిప్పులున్న పాత ల్యాప్‌టాపుల్లో ఈ ఇబ్బంది మామూలే, ఆ కంపెనీ డ్రైవరును విడిగా వేసుకోవాలి. నెట్ లేకుండా డ్రైవరు దించుకోవడం ఎలాగన్న సందేహానికి జేబులోని ఫోనే జవాబు. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని కేబుల్ నెట్‌లాగే తీసుకుంటుంది. చాలా ఫోన్లకు విడిగా డ్రైవరు అక్కర్లేదు.

రెండో మెట్టు లింకు. "ఐపీ లింక్" అని కొడితే కార్డు పక్కన "నో క్యారియర్" అని వచ్చిందా? కేబుల్ ఊడింది, లేదా అవతలి పోర్టు చచ్చింది. వైఫై అయితే "ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్" చూడాలి. హార్డ్ బ్లాక్ దగ్గర "యెస్" ఉంటే ల్యాప్‌టాప్ మీది స్విచ్చో ఫంక్షన్ కీయో వైఫైని ఆపేసింది. విండోస్, లినక్స్ రెండూ ఉన్న మెషీనులో ఇంకో కారణం కూడా ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తిగా జరగదు, కొన్ని కార్డులు సగం నిద్రలో ఉండిపోయి లినక్స్‌కు లొంగవు. విండోస్‌లోకి వెళ్లి దాన్ని ఆపేయాలి.

మూడో మెట్టు మేనేజరు. కార్డు పక్కన "అన్‌ఎవైలబుల్" అని ఉంటే మళ్లీ రెండో మెట్టుకు వెళ్లాలి. "డిస్‌కనెక్టెడ్" అంటే కార్డు సిద్ధంగానే ఉంది, కనెక్షను మొదలు కాలేదు. ఆ కనెక్షను సెట్టింగుల్లో ఆటోమేటిక్‌గా కలవాలన్న టిక్కు తీసేసి ఉండవచ్చు. "అన్‌మేనేజ్డ్" అంటే ఆ కార్డు బాధ్యత తనది కాదని నెట్‌వర్క్‌మేనేజర్ వదిలేసింది. దాని కథ కింద వస్తుంది.

నాలుగో మెట్టు అడ్రసు. "ఐపీ ఎ" అని కొడితే రూటరు ఇచ్చిన అడ్రసు కనిపించాలి. ఇళ్లలో ఎక్కువగా అది 192.168తో మొదలవుతుంది. అడ్రసే లేకపోయినా, 169.254తో మొదలయ్యేది ఉన్నా, అడిగిన అడ్రసు రాలేదని అర్థం. కొందరు ఆపరేటర్లు ఒక మెషీను మాక్ అడ్రసు, అంటే దాని కార్డుకున్న సొంత నంబరు, రాసుకుని దానికే నెట్ ఇస్తారు. కార్డో రూటరో మార్చినప్పుడు కొత్త మాక్ అడ్రసు వారికి చెప్పాలి. యూజర్ నేము, పాస్‌వర్డుతో కలిసే పీపీపీఓఈ కనెక్షను నేరుగా కంప్యూటరుకే వస్తుంటే, ఆ వివరాలు లినక్స్‌లోనూ కొత్తగా ఇవ్వాలి. విండోస్‌లో దాచినవి ఇటు రావు.

ఐదో మెట్టు గేట్‌వే. "ఐపీ రూట్" జవాబులో "డిఫాల్ట్ వయా" అన్న వరస ఉండాలి. దాని పక్కన ఉన్న నంబరే రూటరు. ముందు దాన్ని "పింగ్" కమాండుతో పలకరించాలి, తరవాత బయటి నెట్‌లో ఉండే 8.8.8.8ను పింగ్ చేయాలి. మొదటిది పలికి రెండోది పలకకపోతే ఇంటిదాకా అంతా బాగుంది, చిక్కు ఆపరేటరు వైపు ఉంది. ఆ సంగతి రుజువుతో చెబితే ఆపరేటరు కూడా తొందరగా కదులుతాడు.

ఆరో మెట్టు పేరు. 8.8.8.8 పలుకుతోంది, సైటు పేరు కొడితే మాత్రం దొరకడం లేదంటే పేరును నంబరుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర ఆగింది. ఉబుంటులో ఈ పని సిస్టమ్‌డి రిజాల్వ్‌డి చేస్తుంది. సెట్టింగుల ఫైలులో 127.0.0.53 కనిపిస్తే కంగారు పడి తుడిచేయకూడదు, అది ఆ సర్వీసు సొంత అడ్రసు. "రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్" అని అడిగితే అసలు ఏ డీఎన్‌ఎస్ సర్వరు వాడుతోందో చెబుతుంది. "కనెక్ట్ అయింది, సైటు రాదు" అనే ఫిర్యాదు వచ్చినప్పుడు ఐదు, ఆరు మెట్లే ముందు అనుమానించాలి.

రెండు నిమిషాలు ఎవరికోసం?

ఇక నల్ల తెర మీద లెక్కపెట్టే సమస్య. అక్కడ ఆగేది నెట్ కోసమే అయినా, ఆపేది నెట్‌వర్క్‌మేనేజర్ కాదు. నెట్ కోసం ఎదురు చూడడానికే పెట్టిన చిన్న సర్వీసు ఒకటుంది, పేరులో చివర "వెయిట్ ఆన్‌లైన్" అని ఉంటుంది. నెట్‌వర్క్‌మేనేజర్ తరఫున ఉన్నది మామూలుగా 60 సెకన్లదాకా ఆగుతుంది. సిస్టమ్‌డి నెట్‌వర్క్‌డి అనే ఇంకో నెట్ ప్రోగ్రాము తరఫున ఉన్నది 120 సెకన్లు ఆగుతుంది. తెర మీద సరిగ్గా రెండు నిమిషాలు నడిచిందంటే అనుమానం రెండోదాని మీదికే వెళ్లాలి.

ఇది తరచుగా ఎలా వస్తుందంటే, ఎవరో ముందు ఉబుంటు సర్వరు వెర్షను ఎక్కించి, దాని మీద డెస్క్‌టాప్ వేస్తారు. సర్వరు వెర్షను నెట్‌వర్క్‌డితో వస్తుంది, డెస్క్‌టాప్ నెట్‌వర్క్‌మేనేజర్‌ను తెస్తుంది. కార్డులన్నీ నెట్‌వర్క్‌మేనేజర్ చేతికి వెళ్లాక కూడా నెట్‌వర్క్‌డి వైపు కాపలా సర్వీసు తన కార్డు కోసం రెండు నిమిషాలు చూసి, విఫలమయ్యానని చెప్పి తప్పుకుంటుంది. తరవాత నెట్ మామూలుగానే వస్తుంది. రెండు లాన్ పోర్టులుండి ఒకదానికే కేబుల్ పెట్టిన మెషీనులోనూ ఇంతే, ఖాళీ పోర్టు కూడా కలుస్తుందని ఆగుతుంది. ఉబుంటులో నెట్ సెట్టింగులు ఉండే నెట్‌ప్లాన్ ఫైలులో ఆ పోర్టు కింద "ఆప్షనల్: ట్రూ" అని చేరిస్తే దాని కోసం ఆగదు. నెట్‌వర్క్‌డిని అసలు వాడని మెషీనులో "సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్" అని ఆ వెయిట్ ఆన్‌లైన్ సర్వీసును పక్కన పెట్టవచ్చు.

పక్కన పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: స్టార్టప్‌లోనే నెట్ అవసరమైన పని ఏదైనా ఈ కంప్యూటరులో ఉందా? ఇంట్లో ల్యాప్‌టాపుకు సాధారణంగా ఉండదు. డీటీపీ సెంటరులో మాత్రం ఉండవచ్చు. పుస్తకాల ఫైళ్లన్నీ ఒక పెద్ద మెషీనులో ఉండి, మిగిలినవి స్టార్టవగానే ఆ షేర్డ్ ఫోల్డరును తగిలించుకునే ఏర్పాటు ఉంటే, ఎదురుచూపు తీసేసిన మర్నాడు ఫోల్డరు ఖాళీగా కనిపిస్తుంది. అలాంటిచోట సరైన మందు, ఏ ఫోల్డరును ఎలా తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఉంది. ఆ ఫోల్డరు వరసలో "నోఫెయిల్" చేరిస్తే పెద్ద మెషీను ఆపి ఉన్నా మిగిలినవి ఆగకుండా లేస్తాయి. "ఎక్స్ హైఫన్ సిస్టమ్‌డి డాట్ ఆటోమౌంట్" చేరిస్తే ఫోల్డరును ఎవరైనా తెరిచినప్పుడే తగిలించుకుంటుంది.

ఒక కార్డు, రెండు మేనేజర్లు

డెబియన్‌ను చిన్న ఇన్‌స్టాలర్‌తో, డెస్క్‌టాప్ లేకుండా వేసినప్పుడు నెట్ కార్డు వివరాలు ఈటీసీ ఫోల్డరులోని ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలులోకి వెళతాయి. తరవాత డెస్క్‌టాప్ వేసుకుంటే నెట్‌వర్క్‌మేనేజర్ వస్తుంది. ఆ ఫైలులో పేరున్న కార్డును డెబియన్‌లో అది ముట్టుకోదు. "అన్‌మేనేజ్డ్" అన్న మాట వెనక కథ ఇదే. ఫైలు ఒక కాపీ తీసి పెట్టుకుని, ఆ కార్డు పేరున్న వరసల ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీస్టార్టు చేస్తే కార్డు నెట్‌వర్క్‌మేనేజర్ చేతికి వస్తుంది. లూప్‌బ్యాక్ వరసలను మాత్రం అలాగే ఉంచాలి.

కార్డు పేరే మారిపోవడం ఇంకో రకం. 2013లో వచ్చిన సిస్టమ్‌డి 197 నుంచి లాన్ కార్డుకు బోర్డు మీద దాని చోటును బట్టి పేరు పెడుతున్నారు. ఈఎన్‌పీ3ఎస్0 అన్న పేరులోని 3 ఆ కార్డు కూర్చున్న పీసీఐ బస్ నంబరు. మెషీనులో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెడితే ఆ లెక్క జరిగి, నిన్నటి 3 ఇవాళ 4 కావచ్చు. పాత పేరుతో రాసుకున్న సెట్టింగు ఫైలు దొరకని కార్డు కోసం వెతుకుతూ ఉంటుంది. "ఐపీ లింక్"లో కనిపించే పేరూ, ఫైలులో ఉన్న పేరూ పక్కపక్కన పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

వైఫై విషయంలో తరచూ వినే ఫిర్యాదు ఒకటి: "లాగిన్ అయితేనే నెట్ వస్తుంది, అంతకుముందు రాదు." పాస్‌వర్డును ఆ ఒక్క యూజరు కోసమే దాచి ఉండడం దీనికి కారణం. కనెక్షను సెట్టింగుల్లో మిగిలిన యూజర్లకూ అందుబాటులో ఉంచమని టిక్కు పెడితే లాగిన్‌కు ముందే కలుస్తుంది. ఇంటినుంచి ఆఫీసు కంప్యూటరులోకి వెళ్లి పనిచేసేవారికి ఇది తప్పనిసరి.

గడియారాన్ని కూడా ఒక చూపు చూడాలి. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిన పాత మెషీను తప్పు తేదీతో లేస్తే, సురక్షిత సైటుల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజరు మొరాయిస్తుంది. "టైమ్‌డేట్‌సీటీఎల్" అని కొడితే తేదీ, టైము, నెట్ ద్వారా సరిచేసుకుంటోందా లేదా అన్నది తెలుస్తుంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే బ్యాటరీని అనుమానించనక్కర్లేదు. విండోస్ బోర్డు గడియారంలో మన టైము రాస్తే, లినక్స్ దాన్ని అంతర్జాతీయ టైముగా చదువుతోంది.

చేయి పెట్టే పద్ధతి

కారణం దొరికాక తొందర ఎక్కువవుతుంది. నెట్‌లో కనిపించిన నాలుగు కమాండ్లు ఒకదాని వెంట ఒకటి కొట్టేస్తే నెట్ రావచ్చు కూడా. వాటిలో ఏది పనిచేసిందో తెలియదు, మిగతా మూడూ దేన్ని చెడగొట్టాయో అంతకన్నా తెలియదు. ఒకసారికి ఒక్క మార్పు చేసి, రీస్టార్టు చేసి, ఫలితం చూసి, పనికిరాకపోతే దాన్ని వెనక్కి తీసి, అప్పుడే రెండోదానికి వెళ్లాలి. ఏ ఫైలును తాకినా ముందు పక్కనే ఒక కాపీ ఉంచాలి. అప్‌డేట్ తరవాతే నెట్ పోయిందనిపిస్తే స్టార్టప్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్లి పాత కెర్నెల్‌తో లేపి చూడాలి. అందులో నెట్ వస్తే చిక్కు కొత్త కెర్నెల్ డ్రైవరులో ఉంది. లినక్స్ వేసిన పెన్‌డ్రైవును తుడిచేయకుండా దాచుకుంటే ఇంకో సాక్ష్యం చేతిలో ఉన్నట్టే. దాన్నుంచి లేపినప్పుడు నెట్ వస్తే హార్డ్‌వేరు, కేబుల్, ఆపరేటరు ముగ్గురూ నిర్దోషులు, సెట్టింగుల్లోనే వెతకాలి.

కంప్యూటరు పక్కన ఒక చిన్న నోటుబుక్కు ఉంచుకోవాలి. తేదీ, కనిపించిన మాట, చేసిన మార్పు, వచ్చిన ఫలితం రాస్తే చాలు. ఆరు నెలల తరవాత అదే సమస్య వస్తే పేజీ తిప్పితే సరిపోతుంది. పనివాడు మారినా, మెషీను కూతురి చేతికో మేనల్లుడి చేతికో వెళ్లినా ఆ తెలివి మెషీనుతోపాటే ఉంటుంది.

సాయం అడిగే తీరు

అన్నీ చూసినా తేలనివి ఉంటాయి. అప్పుడు తెలిసినవారిని అడగడమే మంచిది. "నెట్ రావట్లేదండీ" అంటే అవతలివారు మొదటి మెట్టునుంచి మొదలుపెట్టాలి, అరగంట వృథా. ఏ లినక్స్, ఏ వెర్షను, కేబులా వైఫైయా, ఎప్పటినుంచి, అంతకుముందు ఏం మారింది, ఏ మెట్టుదాకా బాగుంది అన్న ఆరు సంగతులు చెప్పాలి. లాగ్‌లో ఎరుపు రంగులో ఉన్న వరసలను ఫోనుతో ఫొటో తీసి పంపాలి. వైఫై పాస్‌వర్డు, పీపీపీఓఈ యూజర్ నేము ఫొటోలో పడకుండా చూసుకోవాలి.

పనికొచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: "ఉబుంటు 24.04, కేబుల్ కనెక్షను. నిన్న గ్రాఫిక్స్ కార్డు వేయించిన దగ్గరినుంచి నెట్ లేదు, స్టార్టప్‌లో రెండు నిమిషాలు ఆగుతోంది. బాక్సు లైట్లు బాగున్నాయి, అదే కేబుల్‌తో ఇంకో ల్యాప్‌టాపుకు నెట్ వస్తోంది. ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐలో ఈఎన్‌పీ4ఎస్0 అన్‌మేనేజ్డ్ అంటోంది. నెట్‌ప్లాన్ ఫైలులో మాత్రం ఈఎన్‌పీ3ఎస్0 అని ఉంది. ఇంకా ఏమీ మార్చలేదు." ఇంత రాసుకునేసరికి అడిగేవారికే సగం జవాబు దొరికి ఉంటుంది. మిగిలిన సగానికి అవతలివారు చెప్పాల్సింది రెండు మాటలే: ఫైలు కాపీ తీసి 3ని 4 చేయండి, తరవాత "నెట్‌ప్లాన్ ట్రై" అని కొట్టండి. ఆ కమాండ్ కొత్త సెట్టింగును అమలు చేసి, 120 సెకన్లలో ఎంటరు నొక్కకపోతే పాతదానికే వెళ్లిపోతుంది కాబట్టి, పొరపాటు జరిగినా మెషీను మొదటి స్థితిలోనే ఉంటుంది.